తెల్ల కారు బాకీ

మా క్రైస్తవ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయిన ఏడాదికి గుడిలో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పేరు చెక్కిన రాయిని సమాధి మీద నిలబెట్టేది ఆ రోజే. అయితే దానికి ముందు సంఘపెద్ద లేచి, అందరికీ వినబడేలా ఒక ప్రశ్న అడుగుతాడు. "ఈ సహోదరుడు మీలో ఎవరికైనా బాకీ ఉన్నాడా?" ఉన్నాడని ఎవరైనా అంటే అది తీరేదాకా ఆ రాయి గోడకి ఆనుకుని ఉండాల్సిందే.

ఇది ఏ పాస్టరుగారూ నేర్పిన పద్ధతి కాదు. మా నాన్న తరం వాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ అండమాన్ దీవుల్లో దిగిన కొత్తల్లో ఎవరి దగ్గరా ఏదీ పూర్తిగా ఉండేది కాదు. వలలు, దోమతెరలు, బియ్యం ఒకరివి ఒకరు వాడుకునేవారు. మనిషి హఠాత్తుగా పోతే ఏది ఎవరిదో తేలక ఆడవాళ్ల మధ్య తగువులయ్యేవి. ఆ తగువులు ఒక్కరోజుతో తేల్చెయ్యడానికి పుట్టిన ప్రశ్న అది. మా నాన్న ఏడాది కూడికలో ఒకాయన లేచి తన నిచ్చెన మా ఇంట్లో ఉండిపోయిందన్నాడు. అంతసేపూ ఏడుస్తున్న మా అమ్మ ఏడుపు ఆపేసి, "ఆ నిచ్చెన నువ్వు మా ఇంట్లోంచి పట్టుకెళ్లిందే" అంది. గుడి గుడంతా నవ్వింది. నిచ్చెన సంగతి తేలాకే మా నాన్న రాయి లేచింది.

మావారు పోయాక నా గుండెల్లో మొదటి నుంచీ ఆ ప్రశ్నే కూర్చుంది. ఆయన నిచ్చెనలూ సుత్తులూ ఎరువు తెచ్చుకునే మనిషి కాదు, ఇచ్చే మనిషి. గవర్నమెంటు వర్క్‌షాపులో మెకానిక్కు. ఆయనకున్నది ఒక్కటే బాకీ, అది కారు బాకీ.

ఆ కారు కథ కొంచెం చెప్పాలి. మేం పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, బ్రూక్షాబాద్‌లో ఉండేవాళ్లం. అక్కడి నుంచి గుడికి వచ్చే ముసలివాళ్లు ఆదివారం బస్సు కోసం ఎండలో నిలబడడం చూడలేక ఆయన కారు కొంటానన్నారు. జీవితమంతా ఊళ్లోవాళ్ల బళ్లు బాగుచేసి, తన సొంతానికి ఒక సైకిలు మిగుల్చుకున్న మనిషికి ఆ కోరిక రావడం తప్పని నేనెలా అంటాను? ఫైనాన్సు కంపెనీది మద్రాసు. పోర్ట్ బ్లెయిర్ బజార్లో ఒక మేడ మీద చిన్న గదిలో దాని ఏజెంటు ఉండేవాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి. కారు ఓడలో వచ్చింది. హార్బరులో క్రేన్ దాన్ని వలలాంటి పట్టీల్లో వేలాడదీసి దింపుతుంటే మావారు కింద నిలబడి రెండు చేతులూ పైకి చాచారు. జారితే పట్టుకుందామన్నట్టు. ఖలాసీలు నవ్వుతూ ఆయన్ని పక్కకి లాగారు. తెల్ల కారు, లోపల ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యని కారు. ఆ కవర్లు ఆయన ఏడాదిపాటు తియ్యనివ్వలేదు. వేసవిలో కూర్చుంటే చీరలు అతుక్కుపోయేవి.

ప్రతి నెలా అయిదో తారీఖున ఏజెంటు తన స్కూటరు మీద వచ్చేవాడు. డిగ్లీపూర్ దగ్గర పొలాలు చేసుకునే బెంగాలీ కుటుంబం వాళ్లది. వాళ్లమ్మానాన్నా దేశ విభజన తరవాత అక్కడ అడవి కొట్టి వరి వేసిన వాళ్లు. తను పెళ్లాం పిల్లలతో పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డాడు. గేటు తీసుకుని లోపలికి వచ్చేవాడు కాదు. బయటే స్కూటరు ఆపి, అన్నయ్య ఉన్నాడా అని హిందీలో గొంతెత్తి పిలిచేవాడు.

"భయ్యా హై క్యా?"

కారు కింద పడుకుని ఏదో బిగిస్తూ మావారు అక్కడి నుంచే జవాబు చెప్పేవారు. "హై, హై. లోపలికి రా, టీ తాగు."

ఆ తరవాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని గంటసేపు కారు గురించి, డిగ్లీపూర్ రోడ్డు గురించి, ఫెర్రీ ఆలస్యాల గురించి మాట్లాడుకునేవారు. కిస్తీ మాట చివర్లో ఎప్పుడో వచ్చేది. డబ్బు వసూలుకొచ్చిన మనిషికి పకోడీలు వేయించే ఇల్లు మాదొక్కటేనని నేను విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే వేయించేదాన్ని.

వానాకాలంలో ఒక పొద్దున్న ఛాతీ బరువుగా ఉందన్నారు. పెద్దాసుపత్రికి తన కారులోనే వెళ్లారు, మా తమ్ముడు నడిపాడు. తిరిగి తన కారులో రాలేదు. అంతకంటే ఆ రోజు గురించి నేను రాయలేను.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అయిదో తారీఖని నాకు గుర్తులేదు. వంటింట్లో ఉండగా గేటు దగ్గర స్కూటరు ఆగింది.

"భయ్యా హై క్యా?"

అతను నెలంతా డిగ్లీపూర్‌లో తల్లి దగ్గర ఉండి ఆ ఉదయమే దిగాడట. అతనికి ఏమీ తెలియదు. నేను జవాబు చెప్పాలి. ఒక్క మాట చాలు. స్కూల్లో ఇరవై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఆ ఒక్క మాట నా నోట రాలేదు. గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. అతను నా ముఖం చూశాడు, నా వెనక గోడ మీద కొత్తగా తగిలించిన ఆయన ఫోటో చూశాడు, మెట్టు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. నాకంటే ముందు అతను ఏడవడం నాకు ఒళ్లు మండించింది. నిజం చెప్పాలంటే ఆ మంటే ఆ పూట నన్ను నిలబెట్టింది.

ఆ తరవాత నెలల్లో అతను పిలవడం మానేశాడు. గేటు దగ్గర హారను ఒక్కసారి చిన్నగా నొక్కి నిలబడేవాడు. నేను డబ్బు తెచ్చి ఇచ్చేదాన్ని, అతను రసీదు రాసేవాడు. ఆ రసీదు దగ్గర మాకు తగువు వచ్చింది. ఫలానా శ్రీ ఫలానా గారి నుంచి కృతజ్ఞతతో అందినది అని దాని మీద అచ్చు. ఫలానా చోట మావారి పేరు.

"ఎవరి నుంచి అందింది నీకు?" అన్నాను. "ఆయన ఇచ్చారా? నేనిచ్చాను."

"క్యా కరూఁ భాభీ, లోన్ భయ్యా నామ్ పే హై. రసీద్ కూడా ఆ నామ్ మీదే రాయాలి," అన్నాడు తల వంచుకుని.

సమాధి తోటలో పడుకున్న మనిషి నెల నెలా కిస్తీ కడుతున్నాడు, మద్రాసు కంపెనీ ఆయనకి కృతజ్ఞతలు చెబుతోంది! ఇంకా రెండేళ్ల పైచిలుకు ఇదే తంతు. మధ్యలో ఏడాది కూడిక వస్తుంది, సంఘపెద్ద లేస్తాడు, ఆ ప్రశ్న అడుగుతాడు. అప్పుడు నేనేమని చెప్పాలి? మావారి ఆఫీసు నుంచి రావలసిన డబ్బు వచ్చిన రోజున నిర్ణయించుకున్నాను. కూడికలోపు ఈ అప్పు ఒక్కసారిగా తీర్చెయ్యాలి. రాయి అప్పటికే ఓడలో వచ్చి మా పెరటి గోడకి ఆనుకుని ఉంది. నల్లరాయి మీద తెల్లటి అక్షరాలు. గిన్నెలు కడుక్కోవడానికి వెళ్లినప్పుడల్లా ఆ పేరు నన్ను చూసేది.

అప్పు ముందుగా తీరుస్తానంటే సంతోషిస్తారనుకున్నాను. దానికి అదనంగా కొంత సొమ్ము కట్టాలట. బాకీ ఎగ్గొడితే జరిమానా, సరే. తీరుస్తానంటే కూడా జరిమానా వేసే లోకంలో ఉన్నామని నాకు అప్పుడే తెలిసింది. "మైనే నహీ బనాయా భాభీ, ఈ రూల్," అన్నాడు ఏజెంటు. పాపం, అతను చేసింది కాదని నాకూ తెలుసు. కానీ తిట్టడానికి మద్రాసు ఎదురుగా లేదు కదా, అతనున్నాడు.

తరవాత కాగితాలు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసులో వారసురాలినని ధ్రువపత్రం, పాత అగ్రిమెంటు నకలు, ముందుగా ముగించమని కోరుతూ దరఖాస్తు. ఆ దరఖాస్తు ఫారం అడుగున ఒక గడి, అప్పు తీసుకున్నవారి సంతకం అని.

"ఈ గడిలో ఎవరు పెట్టాలి?" అన్నాను.

ఏజెంటు ఫారం అటూ ఇటూ తిప్పాడు. "భయ్యా పెట్టాలి."

"అయితే వెళ్లి పిలుచుకురా. ఎక్కడున్నారో నీకు తెలుసుగా."

అతను ఫారం మడిచేశాడు. నాకు వెంటనే నాలుక కరుచుకోవాలనిపించింది. మర్నాడు అతనే మద్రాసుకి ఫోను చేసి, ఆ గడి ఖాళీగా వదిలి కింద నా సంతకంతో పాటు ధ్రువపత్రాలు జతచెయ్యవచ్చని కనుక్కుని వచ్చాడు. నేను ఖాళీగా వదిలాను. తెల్ల కాగితంలో ఆ చిన్న ఖాళీ నా కళ్లకి కాగితమంత పెద్దదిగా కనబడింది.

బ్యాంకులో కంపెనీ పేరిట డ్రాఫ్టు తీసుకున్నాను. అన్నీ ఒక పెద్ద కవర్లో పెట్టి, కంపెనీ చిరునామా ఇంగ్లీషులో గుండ్రంగా రాశాను.

"ఇటివ్వండి భాభీ, ఆఫీస్ బ్యాగ్‌లో పంపేస్తాను," అన్నాడు ఏజెంటు.

నేను ఇవ్వలేదు. మా దీవుల్లో ముఖ్యమైన కాగితం ఏదైనా చేతి మీద పంపుతాం. ఓడ బయల్దేరే రోజున హార్బరు దగ్గర చూడాలి. ఎక్కేవాళ్లకంటే కవర్లిచ్చేవాళ్లే ఎక్కువ. పెళ్లి ఫోటోలు, మార్కుల జాబితాలు, ఎండుచేపలు, పట్టాలు, అన్నీ తెలిసినవాళ్ల సంచుల్లోనే సముద్రం దాటుతాయి. సంచిలో ఉన్నది మనిషితో పాటు చేరుతుంది, పోస్టులో వేసింది ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు? ఇదీ మా వాదం. పోస్టు విమానంలో వెళుతుందని చెప్పినా మేం మారలేదు.

సరిగ్గా ఆ ఆదివారం గుడి అయ్యాక మా పిన్ని, మా అమ్మ పినతల్లి కూతురు, "మెయిన్‌లాండ్ ఎల్తన్నానమ్మా, ఏటైనా పంపాలా?" అని అడిగింది. అరవై దాటిన మనిషి. ఎవరి సామానూ పోనిచ్చేది కాదు. దేవుడే అడిగించాడనుకుని కవరు ఆమె చేతిలో పెట్టాను. "చాలా ముఖ్యం పిన్నీ. మెయిన్‌లాండ్‌లో కంపెనీ వాళ్లకి ఇచ్చెయ్యాలి," అన్నాను. "అలాగేనమ్మా," అంది. అంతే. ఏ ఊరని నేను చెప్పలేదు, ఏ ఊరని ఆమె అడగలేదు.

బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుంది. దీవుల్లో పుట్టి పెరిగినవాళ్లకి సముద్రానికి అవతల ఉన్నదంతా మెయిన్‌లాండే. మద్రాసు, కలకత్తా, వైజాగ్ అన్నీ మాకు ఒకటే ఒడ్డు. ఫలానావాళ్లు మెయిన్‌లాండ్ వెళ్లారంటే ఎక్కడికని అడగం, ఎప్పుడొస్తారని అడుగుతాం. అందులో మా తెలుగువాళ్ల నోట మెయిన్‌లాండ్ అంటే వైజాగ్ ఓడే. పెద్దవాళ్లు ఆ ఒడ్డు నుంచే వచ్చారు, పెళ్లిళ్లకీ చావులకీ ఆ ఒడ్డుకే పోతారు. పిన్ని చుట్టాల పెళ్లికని వైజాగ్ ఓడెక్కింది. నా కవరూ ఎక్కింది.

నెల గడిచింది. "మద్రాస్‌లో కుచ్ నహీ ఆయా భాభీ," అన్నాడు ఏజెంటు. ఇంకొన్నాళ్లు చూశాను. మళ్లీ అదే మాట, ఏమీ చేరలేదని. కూడిక దగ్గరపడుతోంది. పిన్ని దిగిన ఇంటికి పక్కన కిరాణాకొట్లో ఫోను ఉందని ఎవరో నంబరిచ్చారు. ఎస్‌టీడీ బూత్‌లో మీటరు పరిగెడుతుండగా కొట్టువాడు పిన్నిని పిలుచుకొచ్చాడు.

"పిన్నీ, కవరు ఇచ్చావా?"

"ఏటమ్మా అలా అరుత్తావు? కవరు బద్రంగా ఉంది. పెట్టె అడుగున పెట్టి తాళమేసినాను. ఎవులూ రానేదు మరి."

"ఎవరు రావాలి?"

"కంపినీ వోళ్లు. మెయిన్‌లాండ్‌లో ఇచ్చీమన్నావు గదా. వొచ్చినకాడి నుంచి ఇల్లు కదలకండా కూకున్నాను. పెళ్లికి కూడా సరిగ్గా ఎల్లనేదు."

 "పిన్నీ, అది మద్రాసులో ఇవ్వాల్సిన కవరు."

"మద్రాసా? ఆ మాట నువ్వు సెప్పనేదే!"

"దాని మీద రాశానుగా."

"ఇంగ్లీసులో రాత్తే నాకేటి తెలుస్తాది? తెలుగు పంతులమ్మవి, తెలుగులో రాయకపోయావా?"

 కవరు పోస్టులో వేసెయ్యమని బతిమాలాను.  అవతల పిన్ని గొంతు మారింది. అల్లుడు పోయిన సంగతి అప్పుడే గుర్తొచ్చిందో ఏమో.

"పోస్టులో ఎయ్యను. నువ్వు నా సేతికిచ్చావు. నానే అట్టుకెల్తాను. మద్రాసుకి రైలుంటాది గదా?"

"ఉంటుంది కానీ పిన్నీ..." అంటుండగా లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కొట్టు మూసేశారని తెలిసింది. మర్నాడు చేస్తే ఆమె బయల్దేరిపోయిందన్నారు.

ఇక అక్కడి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. తమిళం ముక్క రాని ముసలామె, ఒంటరిగా, నా డ్రాఫ్టు రవికలో దోపుకుని మద్రాసు వీధుల్లో తిరుగుతోంది. ఆమెకి ఏమైనా అయితే నా మొహం ఎవరికి చూపించను? కారూ వద్దు, రాయీ వద్దు, ఆమె క్షేమంగా వస్తే చాలని ప్రార్థన చేసుకున్నాను. కూడిక వాయిదా వేద్దామా అని కూడా అనుకున్నాను. కానీ చుట్టాలు రంగత్ నుంచీ లిటిల్ అండమాన్ నుంచీ బయల్దేరిపోయారు. ఫెర్రీలో ఉన్నవాళ్లని వెనక్కి పంపడం ఎవరి తరం?

ముందురోజు సంఘపెద్ద ఇంటికి వచ్చారు. మావారి స్నేహితుడే, ఆయనకీ మనసు బాగాలేదు. "ఒక మాట చెప్తానమ్మా. నేనడిగేది 'మీలో ఎవరికైనా' అని కదా. ఆ కంపెనీ వాళ్లు మన సంఘం కాదుగా. నువ్వు ఊరకే కూర్చో, రాయి నిలబెట్టేద్దాం," అన్నారు.

ఆయన మంచికే చెప్పారు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఆ కారులో ఎక్కినవాళ్లంతా మన సంఘమే కదండీ," అన్నాను. "మీరడగండి. నేను లేచి చెప్తాను." ఆయన తలూపి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. అయిదో తారీఖు రసీదులన్నీ ఒక తీగకి గుచ్చి గోడకి వేలాడుతున్నాయి. అన్నింటి మీదా ఆ పేరే. ఏజెంటుకి మాత్రం ఒక మాట చెప్పి ఉంచాను, రేపు సాయంత్రం మా గుడిలో ఇలా అడుగుతారు, నేను నిలబడి మీ కంపెనీకి బాకీ ఉన్నామని చెప్పాలి, అని. అతను "అచ్ఛా భాభీ" అన్నాడు.

శనివారం సాయంత్రం కూడిక. వాన రేకుల మీద ఎంత గట్టిగా పడుతోందంటే పాటలు కూడా దాంతో పోటీ పడి పాడాల్సి వచ్చింది. గుడి గుమ్మం పక్కన తెల్ల గుడ్డ కప్పిన రాయి. పాస్టరుగారి మాటలయ్యాయి. సంఘపెద్ద లేచారు. నావైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని అడిగారు.

"ఈ సహోదరుడు మీలో ఎవరికైనా బాకీ ఉన్నాడా?"

వెనక వరసలో ఒకామె లేచింది. "మేమే ఆయనకి బాకీనండి. మా అత్తని ఆస్పత్రికి ఎన్నిసార్లు తీసుకెళ్లారో. పెట్రోలు డబ్బులు ఎప్పుడూ పుచ్చుకోలేదు."

"అది ఈ లెక్కలోకి రాదమ్మా, కూర్చో," అన్నారు సంఘపెద్ద. 

ఇక నా వంతు. లేచి నిలబడ్డాను.  అంతమంది ముందు ఆయన ఇంకా అప్పులోనే ఉన్నారని చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు వాన చప్పుడులోంచి స్కూటరు చప్పుడు వినబడింది. అది నాకు బాగా తెలిసిన చప్పుడు.

ఏజెంటు గుమ్మంలోకి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా నీళ్లు కారుతున్నాయి. చెప్పులు విప్పి, ఎటు కూర్చోవాలో తెలియక ఆడవాళ్ల వైపుకి వచ్చేశాడు. పక్కనున్న ముసలామెని గుసగుసగా అడిగాడు, "పూఛ్ లియా క్యా, మాజీ?" ఆ గుసగుస గుడి అంతటికీ వినబడింది. అడిగేశారన్నట్టు ఆమె తలూపింది. అతను బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"కంపెనీ తరఫ్ సే మై బోల్తా హూఁ," అన్నాడు. రొప్పుతున్నాడు. "కుచ్ బాకీ నహీ హై. భయ్యా కా హిసాబ్ పూరా క్లియర్. మద్రాస్ సే అభీ ఫోన్ ఆయా. ఏక్ బూఢీ అమ్మా ఆయీ, ఆఫీస్ మే బైఠ్ గయీ, కాగజ్ లేకే హీ ఉఠీ."

మా దీవుల్లో హిందీ రానివాళ్లు ఎవరు? లెక్కంతా తీరిపోయిందని మద్రాసు నుంచి ఫోనొచ్చిందని, ఒక ముసలమ్మ వచ్చి ఆఫీసులో కూర్చుందని, కాగితం పుచ్చుకునే లేచిందని అనగానే అది ఎవరో అందరికీ అర్థమైపోయింది. ఏడుస్తున్న గుడి ఒక్కసారిగా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే కూలబడి పొగిలి పొగిలి ఏడ్చాను. ఏడాదిగా అలా ఏడవలేదు. సంఘపెద్ద "ఇంకెవరైనా?" అని అడిగారు. ఎవరూ లేరు. వాన కాస్త తెరిపిచ్చాక సమాధి తోటకి వెళ్లి రాయి నిలబెట్టారు. ఏజెంటు కూడా ఒక చెయ్యి వేశాడు.

పిన్ని ఆ తరవాత మద్రాసు ఓడలో వచ్చింది. ఓడ తేదీలు మారి మారి ఆమె రావడానికి రెండు వారాలు పట్టింది. హార్బరులో దిగుతూనే కంపెనీ ఇచ్చిన కవరు నా చేతిలో పెట్టింది, దాని తరవాతే ముద్దు పెట్టుకుంది. "పోస్టులో పంపుతామన్నారమ్మా, మూడు దినాల్లో చేరుతాదన్నారు. నానొప్పుకుంటానా? ఆలు తమిళం, నాను తెలుగు. మజ్జిలో తెలుగొచ్చినోడు ఒకాయన వొచ్చి, 'ఏటమ్మా ఇక్కడ కూకున్నావు' అన్నాడు. మా అల్లుడు బాకీ తీరిందని రాసియ్యి, ఎల్లిపోతాను అన్నాను. ఇడ్లీలు పెట్టించినాడు, మంచోడు." కవర్లో బాకీ లేదని కంపెనీ రాసిచ్చిన పత్రం, ముద్రలు వేసిన రెండు నకళ్లు, ఒక చిన్న పొట్లం ఉన్నాయి. పొట్లంలో కారు రెండో తాళంచెవి. కొన్ననాడు కంపెనీ తన దగ్గర ఉంచుకున్నది. మావారు దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఆ కాగితాలు పట్టుకుని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్లాను. కారు రిజిస్ట్రేషన్ పుస్తకంలో కంపెనీ పేరు కొట్టేసి, మావారి పేరు కొట్టేసి, నా పేరు రాయాలి. కౌంటర్లో ఉన్నది నా వయసు రాంచీ ఆవిడ. కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. కంపెనీ పేరు మీద స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీసింది, ముద్ర వేసింది. స్కేలు పైకి జరిపి మావారి పేరు మీద పెట్టి ఆగిపోయింది. నా ముఖం చూసింది.

"దీదీ," అంది మెల్లగా, "ఏక్ మినట్ ఉధర్ దేఖియే."

నేను కిటికీ వైపు తిరిగాను. బయట ఎవరో ఆటో తుడుచుకుంటున్నాడు. వెనక కలం గీసిన చప్పుడు వినబడింది. ఆవిడ మంచితనాన్ని నేను మరిచిపోలేను. తిరిగి చూసేసరికి పుస్తకం మూసి ఇచ్చింది. కారు నాదైంది. బాకీ లేదు, కంపెనీ లేదు, రసీదులు లేవు. అంతా నేను కోరుకున్నట్టే జరిగింది.

ఆ తరవాత వచ్చిన అయిదో తారీఖున నేను వంటింట్లో ఏ పనీ లేకుండా నిలబడి ఉన్నాను. టీకి నీళ్లు ఎక్కువ పెట్టేశాను. సాయంత్రమైంది. గేటు దగ్గర ఏ చప్పుడూ లేదు. ఎందుకుంటుంది? అతనికి ఇక మా ఇంట్లో పనేముంది? అయినా రాలేదని అతని మీద కోపం వచ్చింది, ఆ కోపం నాకే సిగ్గనిపించింది. ఆయన కోసం ఆ గేటు దగ్గరికి వచ్చి అడిగే మనిషి ఈ లోకంలో అతనొక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడినీ నేనే, ముద్రలు వేయించి మరీ, పంపేశాను.

మర్నాడు బజారుకెళ్లి మేడ మెట్లెక్కాను. అతను కంగారుగా లేచాడు. "క్యా హువా భాభీ? కోయీ కాగజ్ రహ్ గయా?"

"కాగితాలేం మిగల్లేదు. వచ్చే అయిదున ఇంటికి రా."

"క్యూఁ?"

"గేటు దగ్గర నిలబడి ఎప్పటిలాగే పిలువు."

అతను చాలాసేపు బల్ల మీది ముద్రల పెట్టె మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.  నేను మెట్లు దిగి వచ్చేశాను.

వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. స్కూటరు ఆపాడు, ఇంజను ఆపాడు.  నేను వంటింట్లో గరిట పట్టుకుని ఎదురుచూస్తున్నాను. పిలిచాడు. గొంతు ముందులా గట్టిగా లేదు.

"భయ్యా హై క్యా?"

గుమ్మంలోకి వచ్చాను. ఏడాది పైన నా నోట్లో ఇరుక్కున్న మాట చెప్పాను.

"లేరు. లోపలికి రా, టీ తాగు."